పంతులుగారు ఇచ్చిన అక్షరం ఙ

ఆరుద్ర మూడో పాదం. మా బాబుకు పేరు పెట్టాలంటే, పుట్టిన టైమ్ అడిగి, పంచాంగం తిరగేసి పంతులుగారు తేల్చింది అది. నక్షత్రాలు 27, ఒక్కోదానికి నాలుగు పాదాలు, పాదానికో అక్షరం. ఆరుద్రకు వచ్చేవి కూ, ఘ, ఙ, ఛ. రెండో పాదమైతే ఘనశ్యామ్ అని పిలుచుకునేవాళ్ళం. నాలుగో పాదమైతే ఛత్రపతి అయ్యేవాడేమో. మా వాడు సరిగ్గా చూసుకుని మూడో పాదంలో దిగాడు. ఒకటో తరగతిలో పలక మీద దిద్దాక ఙతో నాకు మళ్ళీ పని పడలేదు.

"దాంతోని పేరేముంటది పంతులుగారూ?" అంది మా అమ్మ.

"ఉండదమ్మా. అందుకే శాస్త్రంలోనే దారి చూపించారు. ఙ వస్తే గ పట్టుకోవాలి, ఞ వస్తే జ, ణ వస్తే డ" అన్నారాయన. హస్త మూడో పాదం పిల్లలకు ణ వస్తుందట. వాళ్ళ అమ్మానాన్నలూ మాలాగే కాసేపు బిత్తరపోయి ఉంటారు.

అలా గ ఖాయమైంది. మా ఆయనది పల్నాడు, నాది హనుమకొండ, ఉండేది హైదరాబాద్‌లో. కాన్పుకు నేను పుట్టింటికి వచ్చేశాను కాబట్టి సంప్రదింపులన్నీ వాట్సాప్‌లోనే. గ్రూపు పేరు కూడా 'గ' అనే పెట్టారు. మా ఆయన కోరిక ఒకటే, పేరు వేరేగా ఉండాలి. ఆయన చదివిన సెక్షన్లో తన పేరుతోనే ముగ్గురుండేవారట, ఇంటిపేరుతో పిలిస్తే తప్ప ఎవరూ హాజరు పలికేవారు కాదట. ఆ బాధ కొడుక్కి వద్దంటాడు. అత్తయ్యకు తాత పేరు కలవాలి. తాత అంటే మా మామయ్యగారి నాన్న, కొండయ్యగారు. డాలస్‌లో ఉన్న ఆడపడుచు "ఇక్కడోళ్ళకి నోరు తిరగాలి వదినా, లేకపోతే స్కూల్లో వాడికి వాళ్ళే ఇంకో పేరు పెట్టేస్తారు" అంది. వాడు డాలస్ ఎందుకు వెళ్ళాలని ఎవరూ అడగలేదు. మా నాన్న ఏమీ కోరలేదు, "మీ ఇష్టం బిడ్డా" అన్నాడు. నాకున్న పట్టుదల కూడా చిన్నదే. ఏ పేరు పెట్టినా, దానికి మనం చెప్పుకునే అర్థం నిజంగా ఆ మాటకు ఉండాలి.

చిన్నదే అనిపిస్తుంది గానీ, ఫోన్‌లో పేర్ల జాబితాలు చూడ్డం మొదలుపెడితే తెలుస్తుంది. అర్ధరాత్రి పాలిస్తూ, ఒక చేత్తో ఫోన్ పట్టుకుని అవే చూసేదాన్ని. 'అరుదైన మగపిల్లల పేర్లు' అని పైన రాసి ఉంటుంది. కింద చూస్తే అయాన్, కియాన్, రియాన్, వివాన్, విహాన్, ఇవాన్. అన్నీ ఆన్, ఆన్, ఆన్. ఇన్ని అరుదైన పేర్లున్న పిల్లలు మా అపార్ట్‌మెంట్ పార్కులోనే ఉన్నారు. సాయంత్రం ఒక తల్లి బాల్కనీ నుంచి కేకేస్తే నలుగురు తలెత్తుతారు.

పేర్లు ఒకేలా ఉంటే ఉన్నాయి, కింద రాసే అర్థాలతోనే నాకు పేచీ. రియాన్ అంటే సంస్కృతంలో చిన్న రాజు అని రాస్తారు. ఆ పేరుకు సంస్కృతంతో సంబంధం లేదు. ఒక దారి ఐర్లండ్ ఇంటిపేరు రయన్ నుంచి వచ్చింది, చిన్న రాజు అన్న అర్థం అక్కడిది. ఇంకో దారి అరబ్బీ రయ్యాన్, స్వర్గంలో ఉపవాసం ఉన్నవాళ్ళు ప్రవేశించే ద్వారం పేరు. రెండూ మంచి పేర్లే, ఎక్కడివో అక్కడివని చెప్తే సరిపోయేది. కియాన్ ప్రాచీన పర్షియా రాజవంశం వైపు పేరు. దాని కింద 'దేవుడి దయ' అని రాసిన పేజీ కూడా చూశాను.

రేయాంశ్ అనే పేరు చాలామందికి నచ్చుతోంది. అర్థం సూర్యకిరణంలో భాగం అట. అంశ సంస్కృతమే. ఆ 'రే' మాత్రం ఇంగ్లిష్ వాళ్ళ కిరణం. తెలుగువాళ్ళకు రేయి అంటే రాత్రి. సూర్యుణ్ణి పిలవబోయి చీకటిని పిలిచినట్టు. ఇది చదివి నాకొచ్చిన నవ్వుకి పిల్లాడు లేచి, ఆ రేయంతా మళ్ళీ పడుకోలేదు.

ఆరవ్ ఇంకా వింత. ఎక్కడ చూసినా 'ప్రశాంతమైనవాడు' అని ఉంటుంది. ఆరవము అంటే ధ్వని, రొద, అరుపు. మన పాత నిఘంటువుల్లోనూ అదే, సంస్కృత నిఘంటువుల్లోనూ అదే. చప్పుడు లేనిది కావాలంటే మొదట్లో దీర్ఘం తీసేసి అరవ అనాలి. తీసేస్తే మనవాళ్ళు తమిళం అనుకుంటారు. అనయ్ అని మరొకటి, దానికి వినాయకుడి పేరు అని ఒకచోట, సాటిలేనివాడు అని మరోచోట ఉంది. సంస్కృతంలో నయం అంటే నీతి, అనయం అంటే దుర్నీతి, ఆపద. మా గ దగ్గరికి వస్తే గర్విత్ ఎదురైంది. హిందీవాళ్ళు గర్వ్ అని మంచి అర్థంలోనే వాడతారు, వాళ్ళకు చెల్లుతుంది. మన ఊళ్ళో "వీడికి గర్వం" అంటే ఎవరైనా మెచ్చుకున్నట్టా?

అందుకని నేనొక పద్ధతి పెట్టుకున్నాను. పేరు ఎవరు పంపినా ముందు ఆంధ్రభారతి వెబ్‌సైట్లోని నిఘంటుశోధనలో వెతకడం. శబ్దరత్నాకరం, సూర్యరాయాంధ్ర నిఘంటువు, బ్రౌన్ దొర నిఘంటువు అన్నీ ఒకేచోట చూడొచ్చు. అక్కడ లేకపోతే సంస్కృత నిఘంటువు. అక్కడా లేకపోతే ఆ పేరు ఏ భాషదో, ఎవరిదో కనుక్కునేదాకా జాబితాలోకి రానిచ్చేదాన్ని కాదు. గ్రూపులో నాకు 'సెన్సార్ బోర్డు' అని పేరొచ్చింది. సగానికి పైగా పేర్లు అక్కడే ఆగిపోయాయి.

నిలిచినవాటిలో నాకు బాగా నచ్చింది గుడాకేశ. అర్జునుడి పేరు, గీతలో కూడా వస్తుంది. గుడాకా అంటే నిద్ర, ఈశుడు దాన్ని జయించినవాడు. పుట్టినప్పటి నుంచీ రాత్రిళ్ళు కన్నుమూయని మా వాడికి ఇంతకంటే సరిపోయే పేరు దొరకదు. కానీ పొట్టి చేసి పిలిస్తే ఏమవుతుందో మా తమ్ముడు రెండు మూడు రకాలుగా పలికి వినిపించాడు. ఇక్కడ రాయను. ఆ పేరు అంతటితో పోయింది.

మా ఆయనకు నచ్చింది గుణాఢ్య. ఇది మన నేలకు చేరువైన పేరు. శాతవాహన రాజు కొలువులో ఉండేవాడని చెప్పే గుణాఢ్యుడు పైశాచీ ప్రాకృతంలో బృహత్కథ రాశాడు. రాజు ఆ భాషను చిన్నచూపు చూసి తిప్పి పంపితే, అడవిలో నిప్పు రాజేసి, ఒక్కో తాళపత్రం జంతువులకు చదివి వినిపిస్తూ మంటల్లో వేశాడట. ఏడు లక్షల శ్లోకాల్లో లక్ష మిగిలాక రాజు పరిగెత్తుకొచ్చి ఆపాడని కథ. ఆ మిగిలిన మూలం కూడా ఇప్పుడు లేదు. 11వ శతాబ్దిలో సోమదేవుడు సంస్కృతంలో చెప్పిన కథాసరిత్సాగరం లాంటివాటి వల్లే మనకా కథలు తెలుసు. కథ విని అందరం కాసేపు మెత్తబడ్డాం. తర్వాత మా అమ్మను ఆ పేరు పలకమన్నాం. "గునాడ్డె" అంది. పక్కింటి అక్క "గుణదలా?" అని అడిగింది. డాలస్ నుంచి ఒక నవ్వు బొమ్మ మాత్రం వచ్చింది.

గాంగేయ మీద మాత్రం దాదాపు ఏకాభిప్రాయం వచ్చింది. గంగ కొడుకు భీష్ముడు, కుమారస్వామికి కూడా ఆ పేరుంది. పలకడం తేలిక. సరే అనుకునే వేళకు మా ఆయన వాళ్ళ బాబాయి, నాకు చిన్నమామయ్య, గ్రూపులో తేలారు. ఓరియంటల్ కాలేజీలో సంస్కృతం చెప్పి రిటైరయ్యారు. అప్పటిదాకా గుడ్ మార్నింగ్ పువ్వులు తప్ప ఏమీ పంపని మనిషి వాయిస్ మెసేజ్ పెట్టారు, చాలా పొడుగుది. బాలింతను కదా, పడుకుని విన్నాను.

ఆయన చెప్పిందేమిటంటే, మగపిల్లాడి పేరు ఎలా ఉండాలో గృహ్యసూత్రాల, అంటే ఇంట్లో చేసే సంస్కారాల గురించి చెప్పే పాత గ్రంథాల, కాలం నుంచే నియమం ఉంది. క్రీస్తుపూర్వం 2వ శతాబ్దిలో పతంజలి, పాణిని వ్యాకరణం మీద రాసిన మహాభాష్యం మొదట్లోనే దీన్ని ఎత్తుకున్నాడు. వ్యాకరణం ఎందుకు చదవాలి అన్న ప్రశ్నకు ఆయన చెప్పిన కారణాల్లో ఇదొకటి, వ్యాకరణం రానివాడికి కొడుక్కి పేరు పెట్టడం కూడా చేతకాదని. నియమాలు ఇవీ. పుట్టిన పదో రోజు దాటాక పెట్టాలి. పేరులో అక్షరాలు రెండో నాలుగో ఉండాలి. మొదటి హల్లు గ, జ, డ, ద, బ లాగా పలికితే గొంతు మోగేది కావాలి. మధ్యలో య, ర, ల, వలలో ఒకటి రావాలి. మొదటి అక్షరానికి ఆ, ఐ, ఔ లాంటి వృద్ధి అచ్చు ఉండకూడదు. పైన మూడు తరాల పెద్దలను తలపించాలి. పగవాడి పేరు కాకూడదు. ఫలానావాడి కొడుకు, ఫలానావాడి మనవడు అని ప్రత్యయం తగిలించి చేసిన తద్ధితం పనికిరాదు.

"కాబట్టి గాంగేయ చెల్లదమ్మా. మూడు అక్షరాలు. మొదటిదే గా. పైగా తద్ధితం. మనవాళ్ళలో గంగయ్య అనేవాడు కూడా ఎవడూ లేడు" అని ముగించారు.

మా ఆయనకు కోపం వచ్చింది. రెండు వేల ఏళ్ళ కిందటి రూల్స్ ఇప్పుడెవరు చూస్తున్నారంటాడు. నిజమే, శాస్త్రం ప్రకారం తప్పయిన పేర్లు పెట్టుకుని హాయిగా బతికినవాళ్ళు కోట్లలో ఉన్నారు. ఆమాటకొస్తే రాముడికి మొదటి అక్షరమే దీర్ఘం. నాకు మాత్రం ఆ జాబితా ముచ్చటేసింది. విన్నాక చూస్తే అది పూజా విధానంలా లేదు. పిలిస్తే దూరానికి వినపడాలి, నోటికి సుళువుగా ఉండాలి, ఇంట్లో పెద్దల పేరుతో పొసగాలి, పడనివాడి పేరు కాకూడదు. మా అత్తయ్యా, ఆడపడుచూ అడుగుతున్నది అదే కదా.

మూడు తరాల మాట మా నాన్నకు పట్టుకుంది. బీరువాలోంచి నా పెళ్ళి చదివింపుల పుస్తకం తీశాడు. ఎర్ర అట్ట, అట్ట మీద పసుపు మరక. ఎడమవైపు ఊరు, మధ్యలో పేరు, చివర 116 లేదా 516. మగపెళ్ళివారి పుస్తకం ఫొటోలు తీసి పంపమని అత్తయ్యకు చెప్పాం. కొత్త పేర్ల కోసం నేను ఫోన్‌లో అన్ని రాత్రులు వెతికితే, నిజంగా ఎక్కడా వినపడని పేర్లు ఆ రెండు పుస్తకాల్లో వరసగా ఉన్నాయి.

మా వైపు పేజీలు తిప్పితే సమ్మయ్య, సారయ్య, ఐలయ్య, కొమురయ్య, సైదులు, రాజయ్య. ఒక్కో పేరు మీద వేలు పెట్టి మా నాన్న అది ఏ దేవుడి దగ్గరి నుంచి వచ్చిందో చెప్పాడు. సమ్మయ్య, సారయ్య మేడారం సమ్మక్క సారలమ్మల పేర్లు, రెండేళ్ళకోసారి మాఘ పున్నమికి జరిగే జాతరలో మొక్కుకుంటే పుట్టినవాళ్ళు. ఐలయ్య ఐనవోలు మల్లన్న పేరు, మా దగ్గర ఐలోని మల్లన్న అంటారు. కొమురయ్య కొమురవెల్లి మల్లన్న. 1946 జులై 4న కడవెండిలో దొర గూండాల తూటాకు ఒరిగిన దొడ్డి కొమురయ్య పేరు మా జనగామ వైపు ఇప్పటికీ పలుకుతారు. సైదులు జాన్‌పహాడ్ దర్గా నుంచి. ఆ పేరు పెట్టుకున్నవాళ్ళలో హిందువులు బోలెడుమంది. రాజయ్య అంటే వేములవాడ రాజన్న.

అత్తయ్య పంపిన ఫొటోల్లో కోటయ్యలు, కోటేశ్వరరావులు లెక్కలేనంతమంది. నరసరావుపేట దగ్గరి కోటప్పకొండ త్రికోటేశ్వరుడి పేరు అది. పల్నాట్లో "కోటయ్యా" అని కేకేస్తే ఊళ్ళో సగం మంది తిరుగుతారని మా ఆయనే అంటాడు. మా తాతగారి కొండయ్య కూడా ఆ కొండ పేరేనని అత్తయ్య చెప్పింది. నెల్లూరు వైపు చుట్టాల్లో మస్తానయ్య, పెంచలయ్య ఉన్నారు. ఒకటి కసుమూరు దర్గాది, ఇంకొకటి పెంచలకోన నరసింహస్వామిది. విశాఖ నుంచి వచ్చిన మా ఆయన ఆఫీసువాళ్ళలో అనకాపల్లి నూకాలమ్మ పేరున్న నూకరాజు, విజయనగరం పైడితల్లి పేరున్న పైడిరాజు ఉన్నారు. బేతంచెర్ల నుంచి వచ్చినాయన పేరు మద్దిలేటి, అక్కడి మద్దిలేటి నరసింహస్వామి పేరే. పక్కన ఊరు రాయకపోయినా పేరు చూసి జిల్లా చెప్పేయొచ్చు. రియాన్ పేరు చూసి ఏం చెప్తాం?

ఒక పేజీలో పిచ్చయ్య, దాని కింద పుల్లయ్య కనిపిస్తే నేను నవ్వాను. అత్తయ్య ఫోన్లో నవ్వలేదు. "ఎగతాళి చెయ్యమాకమ్మా. పుట్టినోళ్ళు పుట్టినట్టు పోతంటే, ఈడన్నా దక్కాలని పెట్టిన పేర్లయ్యి" అంది. అప్పట్లో వరసగా బిడ్డలు పోతే తర్వాత పుట్టినవాణ్ణి పెంటకుప్ప మీద పడుకోబెట్టి, ఎవరో పారేసిన బిడ్డను తెచ్చుకున్నట్టు ఎత్తుకునేవాళ్ళట. వాడు పెంటయ్య. ఎంగిలి విస్తళ్ళ మీద దొర్లించి తెచ్చుకుంటే పుల్లయ్య. బిచ్చమెత్తిన బియ్యంతో అన్నం పెట్టి పిచ్చయ్య అని, బిచ్చయ్య అని పిలిచేవాళ్ళు. ఇంత పనికిరానివాడి మీద చావుకు కన్ను పడదని ఆశ. అత్తయ్య మేనమామ పుల్లయ్య అలాంటివాడే, పైన ముగ్గురు పోయాక పుట్టినవాడు. ఆయన ఎనభై దాటి బతికాడు. మన ఊళ్ళల్లో ఎంతమంది పసివాళ్ళు పోయేవారో తెలుసుకోవాలంటే పాత ఓటర్ల లిస్టు తీసి పిచ్చయ్యల్ని లెక్కపెడితే చాలనిపించింది.

పుస్తకం మూసేముందు మా తమ్ముడు ఒక విషయం పట్టుకున్నాడు. అటువైపు తాత పేరు కొండయ్య. ఇటువైపు తాత, అంటే మా నాన్న, యాదగిరి. యాదగిరిగుట్ట నరసింహస్వామి పేరు. ఇద్దరి పేర్లలోనూ ఉన్నది కొండే. పైగా మనకు వచ్చిన అక్షరం గ.

గిరి.

చిన్నమామయ్యకు ఫోన్ చేశాం. ఆయన కాసేపు లోలోపల లెక్కవేసుకున్నారు. రెండు అక్షరాలు, మొదట గ, అది మోగే అక్షరమే. మొదటి అచ్చు హ్రస్వ ఇ, వృద్ధి కాదు. రెండోది ర, య ర ల వలలోదే. సంస్కృతంలో చివర విసర్గతో గిరిః అవుతుంది, అది కూడా కావలసిందేనట. అమరకోశంలో పర్వతానికి చెప్పిన పేర్లలో గ మీద మొదలయ్యేవి గోత్ర, గిరి, గ్రావ అని ఉన్నాయి, వాటిలో మనిషిని పిలవడానికి పనికొచ్చేది ఇదొక్కటే అని కూడా అన్నారు. గ్రావ అని పిలిపించుకునే పిల్లాణ్ణి ఊహించుకుని ఆయనే నవ్వారు.

అప్పుడే దస్తగిరి సంగతి కూడా చెప్పారు. కడప, కర్నూలు వైపు ఈ పేరు బాగా వినపడుతుంది, హిందువుల్లో కూడా. అందులో గిరి ఉందని కొండ అనుకుంటాం. అది ఫార్సీ దస్త్‌గీర్. దస్త్ అంటే చెయ్యి, గీర్ అంటే పట్టుకునేవాడు. చేయి పట్టి ఆదుకునేవాడని సూఫీ గురువు అబ్దుల్ ఖాదిర్ జీలానీకి ఉన్న బిరుదు. మనవాళ్ళ నోట్లో గీర్ గిరి అయింది.

ఇక అభ్యంతరాలు. మా ఆయన ముఖం మాడ్చాడు. "గిరి పాత పేరు కదా, మా మేనత్త కొడుకు ఫ్రెండ్ గిరిబాబు" అన్నాడు. వేరే పేరు కావాలన్నది నువ్వే కదా, మన అపార్ట్‌మెంట్‌లో, నీ ఆఫీసువాళ్ళ పిల్లల్లో గిరి ఎంతమంది ఉన్నారో చెప్పు అన్నాను. ఆలోచించాడు. ఒక్కడూ లేడు. విహాన్‌లు ఐదుగురు తేలారు. "గిరీశ్ అనో గిరిధర్ అనో చేద్దామా" అన్నాడు కాసేపాగి. అది మళ్ళీ ఆయన సెక్షన్‌కే దారి.

ఆడపడుచు స్పెల్లింగ్ దగ్గర ఆగింది. అక్కడివాళ్ళు జీ అక్షరం చూసి 'జిరి' అంటారట. ఒకసారి చెప్తే నేర్చుకుంటారులే, గీత పేరున్నవాళ్ళు బతకడం లేదా అంది అత్తయ్య. మా పక్కింటి అక్క వాళ్ళకు తెలిసిన న్యూమరాలజీ ఆయన ఉన్నాడు, ఆయన్ని అడిగితే మధ్యలో ఐ బదులు రెండు ఈలు పెట్టమన్నాడు. రెండు ఈలు పెడితే గీరి అవుతుంది, ఇంటర్వ్యూలో ఏదో గీకుతున్నట్టు ఉంటుందని మా తమ్ముడు కొట్టిపారేశాడు.

అసలు ఇబ్బంది మా నాన్నది. "నా పేరెందుకు బిడ్డా, వాళ్ళ తాత పేరు పెట్టుకోనియ్యి" అని మొదట ఒప్పుకోలేదు. మా వైపు కూతురి కొడుక్కి తల్లి తండ్రి పేరు కలిపితే అవతలివాళ్ళు ఏమనుకుంటారోనని భయం. అత్తయ్యే ఫోన్ చేసి "కొండయ్య మా మామ పేరు. గిరి అంటే కొండే గదా బావగారూ. మా పేరే పెట్టుకుంటన్నాం, అందులో మీది కలిసింది" అంది. ఆ మాటతో ఆయన సరేనన్నాడు.

నాకొక చిక్కు మిగిలింది. వాడు అల్లరి చేస్తే "ఒరేయ్ గిరిగా" అని అరవాలి కదా. నోరు రాదు. పాతకాలంలో తాతల పేర్లు పెట్టిన ఇళ్ళల్లో చిన్నోడు, పెద్దోడు, బుజ్జి అని ముద్దుపేర్లు ఎందుకు తప్పనిసరిగా ఉండేవో ఇప్పుడు తెలిసింది. కోడలు మామగారి పేరు పెట్టి పిలవకూడదు, కానీ కొడుకుని తిట్టకుండా పెంచనూ లేదు. మా వాడు ఇంట్లో బంటి.

మా వైపు ఇరవై ఒకటి అంటాం, వాళ్ళు బారసాల అంటారు. ఏదైతేనేం, ఆ రోజు పళ్ళెంలో బియ్యం పరిచి, ఉంగరంతో మా ఆయన పేరు రాశాడు. పంతులుగారు మాసనామం, నక్షత్రనామం కూడా రాయించారు. ఆ తర్వాతే వ్యవహారనామం గిరి. మొదటిసారి రాసిన గుడి చెదిరిపోయి గరి అయింది, బియ్యం సర్ది మళ్ళీ రాశాడు.

పేరు కాగితం మీదకు ఎక్కించే పని మిగిలింది. దీని గురించి కాస్త వివరంగా రాస్తాను, చాలామంది అడుగుతున్నారు. పుట్టిన 21 రోజుల్లోపు జననం నమోదు కావాలి. ఆసుపత్రిలో పుడితే ఆసుపత్రివాళ్ళే ఆ వివరాలు పంపుతారు. పేరు అప్పటికి లేకపోయినా ఫర్వాలేదు, ఖాళీగానే నమోదవుతుంది. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం పేరు తర్వాత చేర్చుకోవచ్చు. 12 నెలల్లోపు అయితే ఫీజు లేదు, ఆ తర్వాత ఆలస్య రుసుముతో 15 ఏళ్ళ వరకూ గడువు. కాబట్టి డిశ్చార్జ్ రోజున ఎవరో ఫారం పట్టుకుని నిలబడ్డారని కంగారుపడి ఏదో ఒక పేరు రాయకండి. ఒకసారి ఎక్కాక మార్చడం పెద్ద తలనొప్పి. పైగా 2023 అక్టోబర్ 1 నుంచి పుట్టిన పిల్లలకు పాస్‌పోర్టుకి పుట్టిన తేదీ ఆధారం బర్త్ సర్టిఫికెట్ ఒక్కటే. అందులో ఉన్న అక్షరమే జీవితాంతం.

ఇంటిపేరు సంగతి కూడా ముందే తేల్చుకోవాలి. మనం ఇంటిపేరు ముందు పొడి అక్షరంగా రాసుకుంటాం. సర్‌నేమ్ గడి ఖాళీగా వదిలేసిన పాస్‌పోర్టుతో వెళ్తే అమెరికా వీసాలో అసలు పేరే సర్‌నేమ్ అయిపోయి, ముందు ఎఫ్ఎన్‌యూ అని పడుతుంది. 'ఫస్ట్ నేమ్ అన్‌నోన్' అన్నమాట. మా ఆడపడుచు స్నేహితుణ్ణి అక్కడ బ్యాంకులో కొన్నాళ్ళు ఫ్ను అని పిలిచారట. 2022 నవంబర్‌లో యూఏఈ అయితే ఒక్క పేరే ఉన్న పాస్‌పోర్టుతో విజిట్ వీసా మీద రానివ్వమని రూలు పెట్టింది. అందుకని ఇంటిపేరు పూర్తిగా, వెనక రాయించాలని నిర్ణయించుకున్నాం. పొట్టి పేరుకు పొడుగు ఇంటిపేరు తోడైంది, సంతకం ఎలా పెడతాడో వాడిష్టం.

మీసేవకి నాన్న, నేను వెళ్ళాం. పేరు చేర్చడానికి వేరే దరఖాస్తు ఉంటుంది, చైల్డ్ నేమ్ ఇన్‌క్లూజన్ అని అడగాలి. నమోదు నంబరు, మా ఇద్దరి ఆధార్‌లు ఇచ్చాం. పేరు తెలుగులో, ఇంగ్లిష్‌లో పెద్ద అక్షరాలతో ఒక తెల్లకాగితం మీద రాసి తీసుకెళ్ళాను, నోటితో చెప్తే ఎవరికి ఎలా వినపడుతుందో తెలీదు కదా. కంప్యూటర్ ముందున్న అబ్బాయి కొట్టాడు, ఆగాడు.

"గిరి తర్వాత ఏమున్నది మేడమ్? గిరిధరా, గిరిప్రసాదా?"

"ఏమీ లేదు. గిరి, తర్వాత ఇంటిపేరు."

"గంతేనా? ఇప్పుడు ఎవ్వరు పెడ్తలేరు ఇట్ల" అన్నాడు. స్క్రీన్ మా వైపు తిప్పి ఒకసారి చూసుకోమన్నాడు. మా నాన్న జేబులోంచి కళ్ళజోడు తీసి, తెలుగు ఒకసారి, ఇంగ్లిష్ ఒకసారి చదివి, సరిగ్గానే ఉంది కొట్టమన్నాడు.